మూపు మీద పగ్గం

బావులపాడు,
18-11-1957

తమ్ముడూ హయాత్,

అక్క షాజాదీ దువాలు. ఈ ఉత్తరం అందేసరికి నువ్వు అన్నం తినకపోతే ముందు తిను, తర్వాత చదువు. వేలూరు మదర్సా తిండి ఇంకా ఒంటికి పడలేదని రాశావు. మాగాయ జాడీ పంపుదామంటే ఒంగోలు దాకా పోయేవాళ్ళున్నారు గానీ ఆ పైన పోయేవాళ్ళు ఒక్కరూ లేరు.

మిరప తోట పూత మీదుంది. వాన ముఖం చాటేసింది, ఇక బావి నీళ్ళే దిక్కు. మీ బావ పోయిన ఈ నాలుగేళ్ళలో ఎద్దులతో బావి నీళ్ళు తోడే కపిల తోలడానికి ఏ మనిషీ పట్టుమని నెల నిలవలేదు. ఇదే సందని బుడాన్ బాబాయి వారం వారం వచ్చి అరుగు మీద కూర్చుని, "తోట కౌలుకిచ్చేసి మా ఇంటికొచ్చెయ్యవే. మగదిక్కు లేని ఇల్లు ఎన్నాళ్ళు నిలబడుద్ది?" అంటున్నాడు. ఆయనింట్లో దూది ఏకడానికి, వండి వార్చడానికి ఒక మనిషి కావాలి. అదీ ఆయన జాలి.

మొన్న శుక్రవారం పడమటి నుంచి ఒకాయన వచ్చాడు. పేరు దస్తగిరి. మన దూదేకుల వాళ్ళే, మార్కాపురం అవతల ఏదో ఊరట. రెండేళ్ళుగా అక్కడ చినుకు లేదట. చేతిలో కర్ర, తలకు తెల్ల గుడ్డ, వెనక ఒక జత ఎద్దులు. "కపిలకు మనిషి గావాల్నా అమ్మా?" అని వాకిట్లో నిలబడి అడిగాడు. ఆ గొంతులో తొందర లేదు. ఉంటే ఉంటాను, లేదంటే పోతాను అన్నట్టుంది. ఉండమన్నాను. ఎద్దుల కొట్టం పక్క పాకలో పడుకుంటున్నాడు.

ఆయన కపిల దగ్గర పాడే పాటలు మన తాత పాడినవేరా! తోలు బాన నీళ్ళతో పైకి వచ్చేటప్పుడు ఒక చరణం, ఖాళీ బాన దిగేటప్పుడు ఇంకో చరణం. నేను మొక్కల మధ్య బోదెలకు నీళ్ళు తిప్పుతూ వింటుంటే కాళ్ళు నీళ్ళలో ఉన్నాయో, చిన్నప్పటి మన వాకిట్లో ఉన్నాయో తెలియడం లేదు.

పొద్దు వాలాక ఒక చిత్రం చేస్తాడు. కాడి దించి, పగ్గం చుట్టి ఎద్దు మూపు మీద పడేసి, "ఇంక మీ ఇష్టం" అంటాడు. తోలడు, అదిలించడు. అవి కాసేపు గట్టు మీద గడ్డి కొరికి, వాటంతట అవే కొట్టానికి నడిచి వస్తాయి. సరిగ్గా అప్పుడే నేను కాలవలో కాళ్ళూ చేతులూ కడిగి వజూ చేసుకుని మగ్రిబ్ నమాజుకు నిలబడతాను. మగ్రిబ్ అంటే ఏమిట్రా? ఊహ తెలిసినప్పటి నుంచీ అంటున్నాను గానీ అర్థం తెలియదు. నాన్నను అడిగితే, "హయాత్ చదువుకొచ్చి చెబుతాడులేవే" అనేవాడు. చదువుకుంటున్నావుగా, చెప్పు.

నీ అక్క,
షాజాదీ


వేలూరు,
29-11-1957

అక్కకు హయాత్ సలాములు.

అన్నం తినే చదివాను. నీ ఉత్తరం మూడుసార్లు చదివాక మిరప పూత వాసన కూడా వచ్చింది. నవ్వకు.

నాన్న గుప్పెడు పత్తి ముందేసుకుని విల్లు మీటితే కాసేపటికి గదంతా దూది నిండేది గుర్తుందా? అరబ్బీ మాటలు అలాంటివి. మూడక్షరాలు ఉంటాయి, వాటిని ధాతువు అంటారు. దాన్ని ఏకితే మాటల మీద మాటలు వస్తాయి. నువ్వు అడిగిన మాటకు గైన్, రే, బే అనే మూడక్షరాలు. గర్బ్ అంటే పడమర. గురూబ్ అంటే పొద్దు గుంకడం. మగ్రిబ్ అంటే పొద్దు గుంకే చోటు, ఆ వేళ కూడా. అంటే నువ్వు రోజూ చూస్తూ నిలబడే ఆ ఎర్రటి చోటు పేరే నీ నమాజు పేరు.

గరీబు అని మనం బీదవాడిని అంటాం కదా. అరబ్బీలో గరీబ్ అంటే పరాయి చోటి నుంచి వచ్చినవాడు. పొద్దు వెళ్ళిపోయినట్టే తన ఊరి నుంచి దూరంగా వెళ్ళిపోయినవాడు. అలా పరాయి చోట బతకడానికి గుర్బత్ అని పేరు. ఆ మాట మాత్రం ఉస్తాద్ చెప్పకముందే నాకు తెలుసు. రోజూ సాయంత్రం మేడ మీదికెక్కి మన ఊరు ఏ దిక్కో చూసుకుంటాను.

మీ దస్తగిరి పడమటి నుంచి వచ్చాడు, పరాయి చోటికి వచ్చాడు. రెండు విధాలా ఈ ధాతువు మనిషే. పాపం, ఈ వయసులో ఎద్దుల్ని తోలుకుని అంత దూరం నడిచాడంటే ఆ ఊళ్ళో ఎంత కరువో! కర్ర ఊతంతో నడిచే మనిషిని పాకలో పడుకోబెట్టావేమిటి? చలి ముదురుతోంది. నాన్న కంబళి పెట్టెలో ఉంది, తీసి ఇవ్వు. తాత పాటలు తెలిసినవాడంటే మనకు తాత లాంటివాడే.

నీ హయాత్


బావులపాడు,
12-12-1957

తమ్ముడూ,

నీ మాటలు మూటగట్టుకుని తోటలో తిరుగుతున్నాను. నమాజుకు నిలబడితే ఇదివరకు పెదవులు కదిలేవి, అంతే. ఇప్పుడు పొద్దు దిగుతుంటే నేనే దాంతో పాటు దిగుతున్నట్టుంటుంది.

కంబళి ఇచ్చాను. ఆయన రెండు చేతులా తీసుకుని, "ఇది ఎవురిది?" అని అడిగాడు. నాన్నదని చెబితే కళ్ళకద్దుకుని, ఆ రాత్రికి కప్పుకోలేదట, మడత మీదే ఉంచాడట. మర్నాడు నేను కసిరితే కప్పుకున్నాడు.

పోయిన వారం మోకు తెగి బాన బావిలో పడింది. పక్క చేను పిచ్చమ్మ చూస్తుండగానే ఆయన కొత్త మోకు నడుముకు కట్టుకుని బావిలోకి దిగి, మునిగి, బానను పైకి తెచ్చాడు. బానకు నీళ్ళు ఒలికే తోలు తొండం చిరిగితే తనే కుట్టాడు. పిచ్చమ్మ నా వైపు తిరిగి, "పడమటోడు గట్టోడేనే!" అంది. నేను మొక్కల్లో కలుపు చూసుకుంటున్నాను.

నాలుగు రోజులుగా కాకి మన చూరు మీద కూర్చుని ఒకటే అరుపు. "మీ తమ్ముడొస్తాడేమోనే" అంటుంది పిచ్చమ్మ. సెలవుల దాకా నువ్వు రావని నాకు తెలుసు. అయినా రోజూ ఒక ముద్ద దానికి పెడుతున్నాను. ఆ మూడక్షరాల్లో ఇంకేం మాటలున్నాయో రాయి. నీళ్ళు కట్టేటప్పుడు తలుచుకోవడానికి నాకు కావాలి.

అక్క


వేలూరు,
26-12-1957

అక్కా, సలాం.

నీకేమైనా మతి పోయిందా? ముసలాయన్ని బావిలోకి దించుతావా? కాలు జారితే ఏ సమాధానం చెబుతావు? ఇంకెప్పుడూ దించకు. ఆయన దిగుతానన్నా పట్టుకుని ఆపు. వినకపోతే నా మాటగా చెప్పు. ఆయనకు ఉదయం పూట వేడి గంజి, మిరియాల కషాయం ఇస్తున్నావా?

నీ బాన సంగతి చదివి నేను ఎగిరి గంతేశాను. ఎందుకో విను. మా నిఘంటువులో అదే ధాతువు కింద గర్బ్‌కు పడమర అని రాసి, దాని కిందే తోలుతో చేసిన పెద్ద బాన, బావి నుంచి పశువులు లాగేది అని ఉంది! ఎన్ని వందల ఏళ్ళ కిందటో అరబ్బులకూ కపిల ఉండేదన్నమాట. ఒంటెలు లాగేవట. ఆ కిందే ఇంకో అర్థం, కంటి నుంచి కారే నీరు. ఇన్నిటికీ అవే మూడక్షరాలు.

ఆ రాత్రి కల వచ్చింది. ఇసుక మధ్యలో మన బావి ఉంది. ఎద్దులకు బదులు ఒంటె కపిల బాటలోకి దిగుతోంది. మోకు మీద తాత కూర్చుని తెలుగులో పాడుతున్నాడు. చుట్టూ నిలబడ్డ అరబ్బులు ఆ పాట తమదే అన్నట్టు తలలూపుతున్నారు. బాన పైకి వచ్చి ఒలికితే నీళ్ళకు బదులు ఎండు మిరపకాయలు కాలవ నిండా ఎర్రగా పారాయి. నువ్వు వాటిలో పాదాలు పెట్టుకుని నిలబడ్డావు, నీకు మంట లేదు.

కాకికీ అదే ధాతువు, గురాబ్. కానీ అక్కా, అరబ్బులకు కాకి అరిస్తే భయం. గుడారాలు పీకి జనం వెళ్ళిపోయిన చోట కాకి వాలుతుందట, అందుకని దాన్ని ఎడబాటు తెచ్చే పిట్ట అనేవాళ్ళు. మనకెందుకొచ్చింది, దాన్ని అదిలించు.

హయాత్


బావులపాడు,
17-1-1958

ఒరేయ్ పండితుడా,

అరబ్బుల కాకిని అరబ్బుల దగ్గరే ఉండనీ. మన కాకి చుట్టాల్ని తెస్తుంది. నా చేతి ముద్ద తినేదాన్ని నీ పుస్తకం చూసి తరిమేదాన్ని కాను.

తోట కాపు మీదుంది. చేలో అడుగు పెడితే పచ్చ కాయలు, దోర కాయలు, పండు కాయలు ఒకే కొమ్మకు. తెల్లవారి మంచులో కపిల గిలక మోత వినిపిస్తుంది గానీ మనిషి కనిపించడు. పాట మాత్రం మంచులోంచి వస్తుంది. ఆ పాట ఆగినప్పుడు నేను కూడా చేతిలో పని ఆపేస్తున్నాను. ఎందుకు ఆపుతున్నానో నాకే తెలియదు అని రాయబోయాను. తెలుసు.

కషాయం ఇవ్వబోతే, "నాకేమైందని?" అని నవ్వాడు. ఆయన ఊళ్ళో బావి అడుగు పగిలిన మట్టి అయిపోయిందట. భార్య జ్వరంతో పోయిందట, పిల్లలు లేరు. ఇదంతా ఒక్కరోజు చెప్పలేదు. రోజుకో మాట చెప్పాడు. నేను కూడా మీ బావ సంగతి చెప్పాను. ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు.

కింద ఒక సంగతి రాసి కొట్టేశాను. ఎండకు పట్టి చదవబోకు. బుడాన్ బాబాయి రాకపోకలు మళ్ళీ ఎక్కువయ్యాయి. పాక వైపు చూసి గొణుక్కుంటూ పోతున్నాడు.

అక్క


వేలూరు,
30-1-1958

అక్కా,

ఎండకు పట్టాను. ఏమీ కనపడలేదు, అంత గట్టిగా కొట్టేశావు. కానీ అదేమిటో నాకు తెలిసిపోయింది. బాబాయి నిన్ను వేధిస్తున్నాడు, నాకు చెప్పడం ఇష్టం లేక కొట్టేశావు. అవునా?

ఎలా తెలిసిందంటావా? ఆయనే నాకు కార్డు రాశాడు. "ఆ పడమటివాడిని వెంటనే పంపించెయ్యమని మీ అక్కకు రాయి. ఊళ్ళో నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటున్నారు. ఇంటికి మగదిక్కువి నువ్వే, నువ్వే తేల్చాలి" అని. చదవగానే ఒళ్ళు మండింది. కాటికి కాళ్ళు చాపుకున్న మనిషి ఆడదాని నీడన ఇంత గంజి తాగుతుంటే ఊరికి నొప్పేమిటి?

అదే రోజు జవాబు రాసి పడేశాను. అందులో ఏం రాశానో నీకు తెలియాలి. "బాబాయ్, దస్తగిరి మా ఇంటి మనిషి. ఆయన్ని నేనే మనస్ఫూర్తిగా ఇంట్లో ఉంచుకున్నాను. బతికినన్నాళ్ళూ మా ఇంట్లోనే ఉంటాడు. అక్కకు ఆయన తోడు, ఆయనకు అక్క తోడు. నాన్న కంబళి ఆయనకు ఇప్పించింది నేనే. ఇందులో ఊరికి చెప్పేదేమీ లేదు. ఇంటికి మగదిక్కుగా ఇది నా మాట. కావాలంటే చావిడిలో నలుగురి ముందూ చదువుకోండి" అని రాశాను. ఎలా ఉంది? ఇక ఆయన నోరెత్తడు.

నువ్వు ధైర్యంగా ఉండు. ముసలాయనకు నా సలాం చెప్పు.

హయాత్


బావులపాడు,
12-2-1958

హయాత్,

బాబాయి నీ ఉత్తరాన్ని నిజంగానే చావిడిలో చదివాడు.

పీర్ల చావిడి ముందు ఊరి పెద్దలంతా కూర్చున్నారట. నువ్వు దస్తగిరిని గెంటెయ్యమని రాసి ఉంటావనుకుని, విప్పకుండానే తీసుకుపోయి గొంతు సవరించుకుని మొదలుపెట్టాడట. "అక్కకు ఆయన తోడు, ఆయనకు అక్క తోడు" అన్న చోటికి వచ్చేసరికి ఆయన గొంతు పడిపోతే, పిచ్చమ్మ మొగుడు వెంకయ్య కాగితం అందుకుని మిగతాది గట్టిగా చదివాడట. అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆఖరికి ఒక పెద్దాయన, "మగదిక్కు ఒప్పుకున్నాక మనమెవరం? కంబళి కూడా పెట్టాడంటగా. నిఖా ఎప్పుడో కనుక్కోండి" అన్నాడట. పిచ్చమ్మ ఈ కబురు పట్టుకుని గట్ల మీద పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆ సాయంత్రానికి బాబాయి కూడా వచ్చి, "నీ తమ్ముడే ఒప్పుకున్నాక నాదేముందమ్మా? రంజాన్ రాకముందే కానిద్దాం" అన్నాడు. ఆయన ముఖం చూస్తే జాలేసింది.

తమ్ముడూ, దస్తగిరి ముసలివాడు కాడు. నాకంటే మూడు నాలుగేళ్ళు పెద్దవాడేమో. కర్ర ఎద్దుల కోసం, ఊతానికి కాదు. నీ మొదటి ఉత్తరంలోనే నువ్వు పొరబడ్డావని తెలిసింది. చదివి నవ్వుకున్నాను, సరిదిద్దుదామనుకున్నాను. తర్వాత సరిదిద్దాలంటే సిగ్గేసింది, ఆ తర్వాత భయమేసింది. నేను కొట్టేసిన వాక్యం ఇది: ఈ మనిషిని చేసుకోవాలని ఉంది, నువ్వేమంటావు?

ఇప్పుడు నేను నోరు మూసుకుని ఊరుకుంటే అన్నీ సజావుగా జరిగిపోతాయి. ఖాజీ వస్తాడు, నీ ఉత్తరం చూపిస్తారు, నిఖా అయిపోతుంది. పిచ్చమ్మ ఊరుకోమనే అంటోంది. దస్తగిరికి చెబితే ఎద్దు వీపు నిమురుతూ, "ఆ పిల్లోడు ముసలోణ్ణని మాట ఇచ్చినాడు గద, నాకు జెల్లదు. నిజం రాయి. ఒద్దంటే నా ఎద్దులు నాకు ఉండాయి" అన్నాడు. నాకూ అంతే. ఆ ఒప్పుదల నువ్వు ఒక తాతకు ఇచ్చావు. దాంతో నేను పెళ్ళికూతుర్ని కాలేను. నిన్ను ఎత్తుకు పెంచిన చేతులతో నిన్నే మోసం చేసి ఈ ఇంట్లో సుఖంగా ఎలా ఉంటాను?

అందుకని మళ్ళీ అడుగుతున్నాను. ఉన్నవాణ్ణి ఉన్నట్టు చూసి చెప్పు. అవునన్నా కాదన్నా నీ మీద నా ప్రేమ తగ్గదు. కానీ కాదంటే ఏడుస్తాను, అది కూడా దాచను.

అక్క


బావులపాడు,
25-2-1958

తమ్ముడూ,

పోస్టుమాన్ బుల్లయ్య మన గట్టు దాటి పోతున్నాడు, ఆగడం లేదు. కోపమైతే కోపమని రాయి. కోత మొదలైంది. కల్లంలో కాయలు ఎండబోశాం, దూరం నుంచి చూస్తే పొద్దు అక్కడే గుంకినట్టుంది. నీ కలలో నాకు మంట లేదన్నావు. ఉందిరా.

నిఖా మాట ఎత్తవద్దని బాబాయికి చెప్పాను. దస్తగిరి పాడడం మానేశాడు. ఎద్దులు కూడా బాటలో ఆగి ఆగి నడుస్తున్నాయి. కాకి మాత్రం వస్తోంది.

షాజాదీ


వేలూరు,
4-3-1958

అక్కా,

ఆలస్యమైంది. నీ ఉత్తరం చదివాక జవాబు రాసి రాసి చింపేశాను. ముందు సిగ్గేసింది. ముసలాయన, కషాయం, కాటికి కాళ్ళు, ఇవన్నీ నేనే రాశాను. నువ్వు ఆయన్ని ముసలివాడని ఒక్కసారి కూడా అనలేదు. పాత ఉత్తరాలన్నీ తీసి చూశాను, బావిలోకి దిగిన మనిషికి కూడా నేనే నెరిసిన గడ్డం పెట్టాను. ఎందుకు పెట్టానో తెలిశాక దుఃఖం వచ్చింది. మన ఇల్లు అంటే నాకు నువ్వు, నాన్న విల్లు, చూరు కింద నా మంచం. అందులోకి ఒక తాత వస్తే నా చోటు నాకే ఉంటుంది. నీకు మొగుడు వస్తే ఆ ఇల్లు ఆయనది అవుతుంది, నేను సెలవులకు వచ్చిపోయే చుట్టాన్ని అవుతాను. ఊరు వదిలి వచ్చినప్పుడు కూడా నాకు ఇంత గుర్బత్ అనిపించలేదు. ఇది నిజం, నువ్వు నిజం రాశావు కాబట్టి నేనూ రాస్తున్నాను.

ఒకరోజు మగ్రిబ్ అయ్యాక ఉస్తాద్ దగ్గరికి పోయి, ఇంటి సంగతి అంతా చెప్పాను. ఆయన విని, "భర్త పోయిన స్త్రీ నిఖాకు ఆమె మాటే మాట. నిన్ను అడిగింది నీ మీద ప్రేమతో, నీ చేతిలో అధికారం ఉందని కాదు" అన్నారు. తర్వాత నిఘంటువు నా ముందుకు తోసి, "నీ ధాతువులో ఒక మాట వదిలేశావు" అన్నారు.

ఆ మాట గారిబ్. ఒంటె మెడకూ మూపురానికీ మధ్య చోటు, అంటే మన ఎద్దుకు మూపు. పూర్వం అరబ్బులు ఒంటెను స్వేచ్ఛగా వదలాలనుకుంటే దాని తాడు తీసి ఆ మూపు మీద పడేసేవాళ్ళట. ఇక నీ ఇష్టం వచ్చిన చోట మేసుకో అని. నేను చదివింది ఉస్తాద్ ముందు కూర్చుని, కానీ నాకు కనిపించింది మన బావి దగ్గర దస్తగిరి. నీ మొదటి ఉత్తరంలోనే ఆయన ఆ పని చేశాడు. నేను ఇన్ని మాటలు వెతికి ఆఖరికి అక్కడికి వచ్చాను.

అక్కా, నీ పగ్గం ఎప్పుడూ నా చేతిలో లేదు. ఉందని బాబాయి అన్నాడు, నేను నమ్మాను. ఉందనుకునే ఇప్పుడు తీసి నీ మూపు మీద వేస్తున్నాను. ఇంక నీ ఇష్టం.

ఉన్నవాణ్ణి ఉన్నట్టు చూసి చెబుతున్నాను. దస్తగిరి బావకు నా సలాం. నిఖా పెట్టుకోండి. నేను రావాలా వద్దా అన్నది కూడా నీ ఇష్టమే. కొత్త ఇంట్లో నాకు చోటెక్కడో తెలియక అడుగుతున్నాను.

హయాత్


బావులపాడు,
10-3-1958

ఒరేయ్ పిచ్చి తమ్ముడూ,

నీ ఉత్తరం తోటలోనే విప్పాను. మీ బావకు గట్టు మీద కూర్చుని చదివి వినిపించాను. బావ అని రాసిన చోట మళ్ళీ చదవమన్నాడు. ఆ తర్వాత కపిల కట్టి, మధ్యాహ్నం దాకా ఆపకుండా పాడాడు. పిచ్చమ్మ తన చేలో పని మానుకుని వచ్చి మరీ విన్నది.

ఇన్ని మాటలు చదివావు గానీ, పగ్గం మూపు మీద వేశాక ఎద్దు ఎటు పోతుందో అడగలేదేమిరా? రోజూ నా కళ్ళ ముందే కదా. ఎవరూ తోలకపోయినా అది తన కొట్టానికే వస్తుంది. నేను కూడా అంతే, ఎక్కడికీ పోను. ఈ ఇంట్లోనే ఉంటాను, ఇది నీ ఇల్లు.

నీ మంచం మీద మిరపకాయ బస్తాలు పెట్టాం. వాటిని మీ బావ ఈ పొద్దున తీసి, మంచం దులిపి, నులక బిగించి చూరు కింద వేశాడు. దాని మీద నాన్న కంబళి మడిచి పెట్టి, "పిల్లోడిది పిల్లోడికి" అన్నాడు. నువ్వు వచ్చాకే ఖాజీని పిలుస్తాం. ఒంగోలు స్టేషనుకు ఆయన ఎద్దులతో బండి కట్టుకుని వస్తాడు. నువ్వు వెతుక్కోనక్కర్లేదు, కర్ర పట్టుకున్న పడుచువాడి కోసం చూడు.

అక్క